పసిపిల్లల బొమ్మలు – పంచాయతీ గోడలు

పంచాయతీ కార్యాలయమునకు గాని పాఠశాలకు గాని కొత్తగా సున్నము వేయించిన మరునాడే గోడ అడుగుభాగమున బొగ్గుగీతలు కనబడుట మన గ్రామములలో వింత కాదు. గీసినవాడు దొరికినచో రెండు దెబ్బలు తినును. దొరకనిచో ఊరిలోని పిల్లలందరును తిట్లు తిందురు. పంచాయతీ సొమ్ముతో వేయించిన సున్నము పాడైనదని సభ్యులు నొచ్చుకొనుట సహజమే. అయినను ఆ గీతలను తుడిపించుటకు ముందు ఒక్క నిమిషము వాటి యెదుట నిలిచి చూడవలసినదని సభ్యులకు మా మొదటి మనవి.

హుజూరాబాదు ప్రాంతమున ఒక గ్రామమునందు ఇట్టి గోడను మేము చూచితిమి. నేలకు రెండడుగుల ఎత్తున ఒక పెద్ద గుండ్రని ఆకారము. దాని నుండి క్రిందికి నాలుగు గీతలు, పైకి రెండు వంపు గీతలు. వీటి నన్నిటిని చుట్టి మరియొక పెద్ద గీత. మా వెంటనున్న వార్డు సభ్యుడు, "పిచ్చిగీతలు సార్" అని నవ్వెను. అంతలో నాలుగేండ్ల బాలుడొకడు ఎచ్చటి నుండియో వచ్చి, "అది మా బర్రె. చెర్ల పండుకున్నది" అని చెప్పెను. సభ్యుడు వానిని దగ్గరకు పిలిచి, "చెర్ల పండుకుంటె కాళ్ళెట్ల కనబడ్డయిర? నీళ్ళల్ల మునుగుతయి గద" అని అడిగెను. బాలుడు ఆలోచింపనైనను లేదు. "మునిగితె ఏంది తాతా, కాళ్ళు ఉన్నయి గద" అనెను.

ఆ సమాధానములో శిశు చిత్రకళను గూర్చి పండితులు వ్రాసిన పుస్తకముల సారము చాలవరకు ఉన్నది. పెద్దలు కంటికి కనబడునది గీయుదురు. పసివారు తమకు తెలిసినది గీయుదురు. బర్రెకు నాలుగు కాళ్ళుండును. నీళ్ళలో ఉన్నంత మాత్రమున అవి లేకపోవు. కనుక వాటిని గీయవలెను. ఫ్రాన్సు దేశపు పండితుడు జార్జి హెన్రీ లూకే పిల్లల బొమ్మలను ఏండ్ల తరబడి పరిశీలించి 1927లో ప్రకటించిన గ్రంథమున ఈ లక్షణమునే విపులముగ చర్చించెను. గోడలోపలి మనుష్యులు బయటికి కనబడునట్లు ఇల్లు గీయుట, తల్లి కడుపులోని బిడ్డను గీయుట, నేలలోని గడ్డలు కనబడునట్లు చెట్టు గీయుట ఈ తెగకు చెందినవే. వాటిని తప్పులుగా భావించి దిద్దబూనుట పెద్దల తొందరపాటు.

ఇది పంచాయతీకి సంబంధించిన విషయమేనా?

రహదారులు, మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీరు – ఇన్ని పనులుండగా పసివాండ్ర బొమ్మల సంగతి పంచాయతీకి ఏల యని సభ్యులు అడుగవచ్చును. సమాధానము రాజ్యాంగములోనే కలదు. 73వ సవరణ వలన 1993 నుండి అమలులోనికి వచ్చిన పదునొకండవ షెడ్యూలునందు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. వానిలో ప్రాథమిక పాఠశాలలతో కూడిన విద్య పదునేడవది. సాంస్కృతిక కార్యక్రమములు ఇరువది యొకటవది. స్త్రీ శిశు అభివృద్ధి ఇరువదియైదవది. ఆరేండ్లు నిండువరకు శిశువులందరికిని సంరక్షణమును విద్యను సమకూర్చుటకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని 2002లో జరిగిన 86వ సవరణ 45వ అధికరణమున చేర్చినది. గ్రామాభివృద్ధి ప్రణాళికకు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ సూచించిన తొమ్మిది అంశములలో మూడవది బాలలకు అనుకూలమైన గ్రామము.

ఇక అంగన్వాడి. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 చోట్ల ప్రయోగముగా మొదలైనది. నేడు అంగన్వాడి లేని గ్రామము అరుదు. అన్నము, గ్రుడ్డు, టీకాలు, బరువు తూచుట – వీటిని గూర్చి సభ్యులు అడుగుదురు, మంచిదే. కాని మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల బిడ్డ అచ్చట కూర్చున్న కాలమంతయు ఏమి చేయుచున్నదని అడుగు సభ్యులు తక్కువ. పత్తి ఏరు రోజులలో తల్లులు తెల్లవారకమునుపే చేలకు పోవుదురు. వరి విత్తనోత్పత్తి చేయు ఈ ప్రాంతమున ఆడ మగ పూలు కలియు దినములందు ఇంటిల్లిపాదియు పొలములోనే ఉండవలసి వచ్చును. అట్టి ఇంటి బిడ్డతో పెద్దలు కూర్చుండి మాటలాడు గడియలు ఎన్ని? ఆ గడియలను కలిగించుటకు ఖర్చు లేని సాధనము, బిడ్డతో కలిసి బొమ్మ గీయుట.

గీత నుండి రూపము వరకు

ఏడాదిన్నర బిడ్డ చేతికి బలపము ఇచ్చి చూడుడు. భుజము మొదలు చేయి యంతయు కదలించి గీకును. అది బొమ్మ గీయుట కాదు. తాను చేయి కదిపినందున ఒక గుర్తు పడినదను ఆశ్చర్యము. గుర్తు పడని కలము చేతికిచ్చినచో బిడ్డ కొద్దిసేపటికే దానిని విడిచివేయునని పరిశోధకులు పరీక్షించి చూచిరి. రెండేండ్లు దాటునప్పటికి కదలిక మోచేతికి దిగును. గిరగిర తిరుగు సుడులు వచ్చును. మూడేండ్ల ప్రాంతమున ఒక గొప్ప సంఘటన జరుగును: గీత తిరిగి వచ్చి తన మొదటిని తాకును. సున్న మూసుకొనును. లోపల, బయట యను భేదము ఏర్పడినది. ఇక ఆ సున్న అమ్మ కావచ్చును, రొట్టె కావచ్చును, బండి చక్రము కావచ్చును. గీయునప్పుడు అమ్మయై, గీసి ముగించునప్పటికి చక్రమగుటయు కలదు. "ఇందాక అమ్మ అంటివి గద" అని నిలదీయుట అనవసరము.

తరువాత ఆ సున్నకు కన్నులు మొలచును. క్రిందికి రెండు పొడవు గీతలు దిగును. తలనుండియే కాళ్ళు వచ్చిన ఈ మనిషి ప్రపంచమంతట పిల్లల బొమ్మలలో కనబడును. పొట్ట యేదని మనము అడుగుదుము. పొట్ట యేదో బిడ్డకు తెలియక కాదు. తన పొట్టను చూపుమనిన చూపును. మనిషిలో తనకు ముఖ్యమైనవి ముఖము, నడచు కాళ్ళు. నాలుగైదు ఏండ్లకు పొట్ట, చేతులు, వేళ్ళు ఒక్కొక్కటిగా చేరును. అయిదారేండ్లకు కాగితము అడుగున నేలగీత, పైన ఆకాశము, మూలన సూర్యుడు వచ్చును. ఇష్టమైనవారు పెద్దగాను, ఇష్టము లేనివారు చిన్నగాను ఉందురు. తాత ఇంటికంటె ఎత్తుగా ఉన్నాడని ఎవరును చింతింపనక్కరలేదు.

ఈ వరుసలో చేతి మాటయు గమనింపదగినది. కదలిక భుజమునుండి మోచేతికి, మణికట్టునకు, చివరకు వేళ్ళకు దిగును. పిడికిటితో పట్టిన సుద్ద క్రమముగ మూడు వ్రేళ్ళ నడుమకు వచ్చును. ఇది కాకమునుపే బిడ్డచేత అక్షరములు దిద్దించినచో వ్రేళ్ళు నొచ్చి, పలక యనిన భయము పుట్టును. మన తెలుగు లిపి గుండ్రని లిపి. సున్నలు, అర్ధచంద్రములు, సుడులు విసుగు లేక గీసిన చేతికి 'ర' యన తలకట్టు పెట్టిన సున్న, 'ఠ' యన నడుమ చుక్క పెట్టిన సున్న. విరిగిపోయిన చిన్న సుద్దముక్కలను టీచర్లు పారవేయరాదు. పొడవు కడ్డీని బిడ్డ పిడికిటితో పట్టును. చిన్న ముక్కను వ్రేళ్ళతో తప్ప పట్టజాలదు.

అక్షరమునకు ముందు బొమ్మ యనునది కొత్త మాట కాదు. గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో తన చేవ్రాత బాగుండకపోవుటను గూర్చి సిగ్గుపడి, పిల్లలకు మొదట బొమ్మలు గీయుట నేర్పి, పువ్వును పిట్టను చూచినట్లే అక్షరమునుగూడ చూచి గుర్తించునట్లు చేసి, ఆ తరువాతనే వ్రాత నేర్పవలెనని అభిప్రాయపడెను. ఆదిలాబాదునకు ఉత్తరమున, వార్ధా చెంతగల సేవాగ్రామములో ఆయన స్థాపించిన నయీ తాలీమ్ పాఠశాలకు శాంతినికేతనమున చదివిన దేవీప్రసాద్ 1944లో చిత్రకళోపాధ్యాయుడుగ వచ్చి, గ్రామీణ బాలలతో చాలకాలము పనిచేసి, కళయే విద్యకు పునాది యని గ్రంథము వ్రాసెను. 2020 జాతీయ విద్యావిధానమును మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు గల దశను పునాది దశయని పేర్కొని, ఆటతోపాటు చిత్రలేఖనమునకు స్థానమిచ్చినది.

కలిసి గీయుట యనగా

గీసి యిచ్చుట వేరు, కలిసి గీయుట వేరు. మన అంగన్వాడులలోను ఇండ్లలోను జరుగునది తరచుగ మొదటిది. టీచరు నల్లబల్లపై మామిడిపండు గీయును. పిల్లలందరును అదే మామిడిపండు గీయవలెను. లేదా అచ్చువేసిన బొమ్మలో గీత దాటకుండ రంగు నింపవలెను. చూచుటకు ఇరువది పలకలమీద ఇరువది పండ్లు ముచ్చటగనే ఉండును. వియన్నానుండి అమెరికాకు వలస పోయిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రకటించిన గ్రంథమున ఈ రంగుపుస్తకముల పద్ధతిని తీవ్రముగ విమర్శించెను. పెద్దల గీతకు అలవాటుపడిన బిడ్డ తన గీతయందు నమ్మకము కోల్పోవునని ఆయన వాదము. మా అనుభవమును అదియే. ఆరేండ్ల పిల్లను బొమ్మ గీయుమనిన "నాకు రాదు" అని పలక వెనుక దాచుకొనినచో, ఎవరో ఒకరు ఆ పిల్లకు చక్కని మామిడిపండును గీసి యిచ్చియుందురు.

మరి కలిసి గీయుట ఎట్లు? పెద్దవారు కుర్చీ దిగి నేలపై బిడ్డ ప్రక్కన కూర్చుండవలెను. ఎదుట కాదు, ప్రక్కన. ఎదుట కూర్చున్నచో పరీక్ష వలె ఉండును. ఇద్దరి నడుమ ఒకే పెద్ద కాగితము, లేదా ఒకే బండ. మొదటి గీత బిడ్డది. అది ఎటు పోవునో కొంతసేపు చూచి, పెద్దవారు తమ గీత నొకదానిని దాని చెంత గీయవచ్చును. బిడ్డ చుట్టలు గీయుచున్నచో మీరును చుట్టలే గీయుడు. బిడ్డ ఆగి మీ గీతను చూచును. దానికి తోకయో కాలో తగిలించును. ఇట్లు వంతులవారీగ సాగినచో ఒక్కొక్కప్పుడు అరగంటయైనను బిడ్డ లేవదు.

"తాతా, ఆవును గీయి" అని బిడ్డ అడిగినప్పుడేమి చేయవలెను? ఇచ్చటనే చాలమంది తడబడుదురు. గీయను అని కసరుట తగదు. టక్కున గీసి యిచ్చుటయు తగదు. "ఆవుకు కొమ్ములు ఏడ ఉంటయి బిడ్డా? తోక ఎంత పొడుగు?" అని అడిగి, పెరటిలో ఆవున్నచో పోయి చూచి రమ్మనుట మేలు. తిరిగి వచ్చి బిడ్డ గీసినది ఆవు వలె లేకపోవచ్చును. కాని పోయి ఆవును చూచెను గదా! రోజూ చూచు ఆవునే ఆనాడు మొదటిసారి చూచియుండును.

ఇంకొక సంగతి మాటలను గూర్చినది. గీసిన వెంటనే "ఇదేమి?" అని అడుగుట కంటె, "దీని ముచ్చట చెప్పు" అనుట మంచిది. మొదటి ప్రశ్నకు ఒక్క పదము సమాధానముగ వచ్చును, లేదా మౌనము. రెండవ దానికి కథ వచ్చును. ఆ కథను బిడ్డ చెప్పినది చెప్పినట్లు బొమ్మ క్రింద ఒక వాక్యముగ వ్రాయవలెను. "మా బర్రె చెర్ల పండుకున్నది" అనినచో అట్లే వ్రాయవలెను. "మా గేదె చెరువులో పడుకొన్నది" అని దిద్దరాదు. పుస్తకభాష నేర్చుకొనుటకు ముందు ఏండ్లు చాల ఉన్నవి. తన నోటిమాట అక్షరమై నిలిచినదని చూచిన బిడ్డ మరునాడు వచ్చి ఆ వాక్యమును వ్రేలితో చూపుచు చదువును. చదువు అచ్చటనే మొదలైనది. ఇంటిభాష బడిలో నవ్వుల పాలగునని నోరు మూసుకొని కూర్చుండు పిల్లలు మన ప్రాంతమున ఒక తరము కాదు, ఎన్నో తరములు గడచినవి. పెద్దలైన సభ్యులలో అనేకులకు ఈ బాధ స్వయముగ తెలిసినదే.

బహుమతుల మాట

పంద్రాగస్టునకు, జనవరి 26కు, బాలల దినోత్సవమునకు చిత్రలేఖన పోటీలు పెట్టి మొదటి, రెండవ, మూడవ బహుమతులు పంచుట పంచాయతీలకు ఇష్టమైన పని. సర్పంచ్ చేతుల మీదుగ ఇచ్చుట, ఫోటో తీయించుట బాగుగనే ఉండును. పెద్ద పిల్లలకు పోటీలు తగును. శంకర్స్ వీక్లీ సంపాదకుడు శంకర్ 1949లో మొదలుపెట్టిన బాలల చిత్రలేఖన పోటీ దేశదేశముల పిల్లలను ఆకర్షించినది. కాని ఆరేండ్ల లోపు పిల్లలకు పోటీ వద్దని మేము గట్టిగ చెప్పదలచితిమి. దానికి ఆధారమును కలదు.

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో జరిగిన పరీక్ష 1973లో ప్రకటింపబడినది. మూడేండ్లనుండి అయిదేండ్లవరకు గల పిల్లలలో బొమ్మలు గీయుట సహజముగనే ఇష్టమైనవారిని ఎన్నుకొని మూడు జట్లు చేసిరి. ఒక జట్టుతో, గీసినవారికి బంగారు ముద్రయు రిబ్బనును గల యోగ్యతాపత్రము ఇత్తుమని ముందే చెప్పి గీయించి ఇచ్చిరి. రెండవ జట్టుకు ముందు చెప్పక, గీసిన తరువాత ఇచ్చిరి. మూడవ జట్టుకు ఏమియు ఈయలేదు. ఒకటి రెండు వారముల పిమ్మట రంగుకలములను మామూలుగ గదిలో ఉంచి, ఎవరు ఎంతసేపు గీయుదురో చాటునుండి చూచిరి. ఇత్తుమని ఆశపెట్టబడిన జట్టు తక్కిన రెండు జట్లు గీసిన కాలములో సగము కాలమే గీసినది! బహుమతి కొరకు గీసినవారికి బహుమతి లేనప్పుడు గీయుట పనియైపోయినది.

కావున ఆ దినములలో అంగన్వాడి పిల్లల బొమ్మలన్నిటిని ఒక త్రాడుకు వ్రేలాడదీసి ఊరివారిని చూడ రమ్మనుడు. అందరికిని లడ్డూ పెట్టవచ్చును. లడ్డూ ఎట్లును పెట్టుదురు గదా.

మన ముంగిలిలోనే ఉన్నది

అంగన్వాడి యను పేరులోని మొదటి మాట అంగణము, అనగా ముంగిలి. మన ముంగిలి బొమ్మలకు పుట్టినిల్లు. తెల్లవారుజామున సాన్పి చల్లి ముగ్గు వేయు తల్లి నేర్పరియైన చిత్రకారిణియే. అయితే చుక్కలు లెక్కబెట్టి కలుపు ముగ్గు నాలుగేండ్ల బిడ్డకు అందదు. బిడ్డ దగ్గరకు వచ్చి కెలికినచో తల్లి కసరుకొనును. వాకిట ఒక మూల జానెడు స్థలమును, గుప్పెడు పిండిని బిడ్డకు విడిచినచో ఇద్దరి పనియు సాగును. బియ్యపు పిండి శ్రేష్ఠము. రాతి ముగ్గు దుమ్ము పిల్లల ముక్కులలోనికి పోవును. ముగ్గు ఆడపిల్లల పని యను భేదము పసితనమున అవసరము లేదు. మగపిల్లవాని చేతికిని పిండి ఇండు.

బతుకమ్మకు ముందు మన ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను అంతస్తులుగా చేయుదురు. బతుకమ్మకు గునుగు పూల కొసలను రంగునీళ్ళలో ముంచుదురు. ఆ దినములలో అంగన్వాడి పిల్లలకు రంగును గూర్చి వేరుగ పాఠము చెప్పనక్కరలేదు. ఒక గిన్నె రంగునీరు, ఒక పిడికెడు గునుగు చాలును. ఫాల్గుణమున మోదుగు పూలు ఉడికించిన నారింజ రంగు దొరకును. పసుపు నీటికి చిటికెడు సున్నము టీచరు తన చేతితో తగిలించినచో అది ఎర్రబారును. ఈ వింతను పిల్లలు పదిసార్లు చూపుమందురు. కుంచెకు కొస నలిపిన వేపపుల్ల, లేక దూది చుట్టిన ఈతపుల్ల. పత్తి పండు సీమలో దూదికి కొరతయా!

బొమ్మ చూపి కథ చెప్పు సంప్రదాయమును మనదే. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీలు చింతగింజల అంబలియు సుద్దమన్నును పట్టించిన గుడ్డపై కులపురాణములను అరలు అరలుగా చిత్రింతురు. ముప్పది నలువది అడుగుల పటములును కలవు. కథకులు ఊరూర పటము విప్పి, ఒక్కొక్క అర చూపుచు రాత్రియంతయు కథ నడిపెడివారు. ఒక పొడవైన కాగితపు చుట్టపై పిల్లలు తలా ఒక అర గీసి, ఒకరి తరువాత ఒకరు తమ అర కథ చెప్పుట మన నేలకు తగిన పాఠము. నిర్మల్ బొమ్మల పేరు తెలియనివారు లేరు. కరీంనగర్ జిల్లా అన్నారం గ్రామమున 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి, అనగా పి. టి. రెడ్డి, అదే జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం దేశమెరిగిన చిత్రకారులు. వైకుంఠం గీసిన పెద్ద బొట్టు తెలంగాణ స్త్రీలు మన చేలలో, మన ముంగిళ్ళలో తిరుగువారే. ప్రతి బిడ్డయు చిత్రకారుడు కావలెనని మా ఉద్దేశము కాదు. ఊరిని శ్రద్ధగా చూచు కన్ను ఊరిలోనే తయారగునని చెప్పుటకే ఈ పేర్లు.

మూడడుగుల గోడ

ఇక పంచాయతీ చేయదగిన పని. అంగన్వాడి భవనములకు, పాఠశాలలకు ఇటీవల 'బాలా' పద్ధతిలో గోడలపై అక్షరములు, జంతువులు, పండ్లు రంగులతో వేయించుచున్నారు. భవనమునే బోధనసాధనముగ చేయుట ఆ పద్ధతి ఉద్దేశము. మంచిదే. కాని వేసినవాడు పట్టణపు పెయింటరు, చూచువారు పిల్లలు. నేలనుండి మూడడుగుల ఎత్తువరకు, అనగా పిల్లల చేయి అందు భాగమున, పెయింటరు బొమ్మలు వద్దు. ఆ భాగమును నల్లని వ్రాతపలకగా చేయించి పిల్లలకు విడువుడు. గదిలో ఒక గోడ, వసారాలో ఒక గోడ యైనను చాలును. మూడడుగుల ఎత్తు, పదునైదు అడుగుల పొడవు గల గోడయెదుట ఆరేడుగురు పిల్లలు ఒక్కసారి నిలిచి గీయగలరు. నల్లబల్ల రంగు బజారులో దొరకును. ఆకుపసరు, బొగ్గుపొడి కలిపి పలకను రుద్ది నల్లచేసిన జ్ఞాపకము పెద్దవారికి ఉండియే యుండును. గోడకు మాత్రము రంగే మన్నును. గోడకు మొదట నున్నని గిలాబు అవసరము. గరుకు గోడపై సుద్ద అరిగిపోవును, బిడ్డ వ్రేళ్ళు గీచుకొనును.

రంగు కొనునప్పుడు డబ్బాపై సీసము సంగతి చదువవలెను. గృహోపయోగపు రంగులలో సీసము పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదను నియమము 2017 నవంబరు నుండి దేశమంతట అమలులో ఉన్నది. సీసము పసివారి మెదడునకు చెరుపు చేయును. చవుకగ వచ్చినదని పాత నిలువ రంగును కొనరాదు. అట్లే తడి సున్నమును పిల్లల చేతికి ఈయరాదు. కంటిలో పడినచో ప్రమాదము. హోలీకి అంగడిలో అమ్ము రసాయనపు రంగులును, వాడిన బ్యాటరీలలోని నల్లపొడియు బొమ్మలకు పనికిరావు.

గోడ సిద్ధమైన తరువాత పంచాయతీ చేయవలసినది మరియొకటి కలదు: వచ్చి కూర్చుండుట. అంగన్వాడులలో నెలకొకసారి తల్లిదండ్రులను పిలిచి పూర్వప్రాథమిక విద్యాదినము జరుపుదురు. ఆ దినమున వార్డు సభ్యులు, తాతలు, అవ్వలు ఒక గంట పిల్లల ప్రక్కన కూర్చుండి గీయవలెను. అవ్వలకు సంకోచముండదు, పిండి చేతికిచ్చిన వెంటనే మొదలుపెట్టుదురు. మగవారు "మాకు రాదు" అందురు. వారికిని ఎవరో ఎప్పుడో మామిడిపండు గీసి యిచ్చినారు కాబోలు. వారితో ఊరి పటము గీయించుట సులభమైన ఉపాయము. చెరువు ఎక్కడ, కాకతీయ కాలువ ఎటునుండి వచ్చును, జమ్మికుంట బాట ఏది, మన ఇల్లు ఏది యని మాటలాడుచు నేలపై సుద్దతో గీయుచున్నచో, పిల్లలు దానిలో కుక్కలను, ట్రాక్టర్లను, కరెంటు స్తంభములను నింపివేయుదురు. ఒక చోట మేము చూచినప్పుడు సర్పంచ్ గీసిన పంచాయతీ ఆఫీసుపై ఒక బాలిక పెద్ద కోడిపుంజును కూర్చుండబెట్టినది. ఆయన చాలసేపు నవ్వెను.

కాగితముపై గీసినవాటిని పారవేయరాదు. వెనుక పేరు, తేదీ, బిడ్డ చెప్పిన వాక్యము వ్రాసి ఒక అట్టలో పెట్టవలెను. ఏడాది చివర ఆ కట్టను తల్లి చేతిలో పెట్టినప్పుడు, చుట్టలనుండి మనిషి వరకు బిడ్డ నడచిన దారి ఆమెకు కనబడును. చదువురాని తల్లికిని కనబడును. గోడమీది బొమ్మలు నిలువవు గనుక శనివారము సాయంకాలము వాటిని తుడిచి సోమవారమునకు గోడను సిద్ధము చేయవలెను. తుడుచుటకు ముందు, బిడ్డలను తీసుకొనిపోవ వచ్చిన తల్లులకు ఎవరి బొమ్మ వారు చూపుకొనుటకు కొంత వ్యవధి ఈయవలెను. తుడుచు పనిని ఆయాకు అప్పగింపనక్కరలేదు. తడిగుడ్డలు పిల్లల చేతికిచ్చినచో వారే తుడుతురు. తడిగుడ్డతో గోడపై పడు నీటిగీతలుగూడ వారికి బొమ్మలే.